ఆడపడుచు జీపు

5 ఆగస్టు 2025, మంగళవారం
మహదేవపుర, బెంగళూరు

ఈరోజు పనులు: దోసెల పిండి రుబ్బడం అయింది. వరలక్ష్మీ వ్రతానికి ఇత్తడి సామాను తోమడం సగం అయింది. కరెంటు బిల్లు కట్టడం అయింది. జీపు కిందనుంచి మా ఆయనను, నువ్వు అన్నయ్యా అని పిలిచే గురుమూర్తిగారిని, భోజనానికి పిలవడం మూడుసార్లు అయింది. ఆయన రావడం మాత్రం కాలేదు.

పుష్పావతి వదినకు వరూధిని నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వక్కడ స్పీకరు పెడతావు, పక్కనుంచి మా అన్న అందుకుంటాడు. ఇక్కడ మా ఆయన అందుకుంటారు. బావాబావమరుదులిద్దరూ జీపు గురించి మొదలుపెడితే మనిద్దరం ఫోన్ అక్కడే వదిలేసి వంటింట్లోకి పోవాల్సిందే. అందుకే ఈ కవరు మీ ఊరి బస్సు కండక్టరు వెంకటేశ్ చేతికిస్తున్నాను. అతని జేబులో ఉన్నంతసేపు మధ్యలో ఎవరూ మాట్లాడరు.

సంగతి జీపుదే. కిందటేడు కార్తీకంలో మా అన్న రామాంజినప్ప దాన్ని తెచ్చి మా పోర్టికోలో నిలబెట్టి, "బావా, ఫోర్ వీల్ కడ్డీ వేసినా ముందు చక్రాలు లాగడంలేదు, కొంచెం చూడు" అన్నాడు. ఈయన జీవితమంతా మిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. "కొంచెం చూడు" అన్న మాట మళ్ళీ ఉద్యోగంలోకి పిలిచినట్టు వినిపించింది. రెండు వారాలు చాలన్నారు. ఆ రెండు వారాలు ఇంకా జరుగుతున్నాయి.

జీపు కడుపులో ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టె ఒకటుంటుందట. దాన్ని విప్పారు. లోపలి పళ్ళచక్రాలన్నీ డీజిల్‌తో కడిగారు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగానే ఉన్నందుకు కోపం వచ్చి, బిగించి మళ్ళీ విప్పారు. ఊడిన ప్రతి నట్టునూ నేను ఊరగాయ సీసాల్లో వేసి "ముందు ఎడమ", "వెనక కుడి" అని చీటీలు అంటించాను. లేకపోతే ఈపాటికి మీ జీపు సగం మా తాలింపుల్లో పోయేది. నిన్న మెంతుల డబ్బాలో ఒక వాషరు దొరికింది.

నీ పట్టుగూళ్ళ పంట ఎప్పుడో తేదీ చెప్పు. ఆ తేదీ పట్టుకుని ఆయన నెత్తిన కూర్చుంటాను.

ఇంటినిండా గ్రీజుతో,
వరూధిని

11 ఆగస్టు, సోమవారం
గుట్టకిందపల్లి

మా వరూధినికి వదిన రాసేది.

వెంకటేశ్ కవరు ఇస్తా "ఏమక్కా, కోర్టు నోటీసా?" అన్నాడు. కోర్టుదైతే వాయిదా ఉంటాదప్పా, ఇది మా ఆడపడుచుది అన్నాను.

అన్నం ఉడికిందా లేదా అంటే ఒక మెతుకు పట్టి చూస్తాము. మా అన్నయ్య కుండంతా మెతుకు మెతుకూ పట్టి చూసినాడు, అదీ రెండుసార్లు. పెద్ద చదువు అంటే అట్లే ఉండాల.

నవ్వులాట అట్లుండనీ. నాకు జీపు కావాల. పోయిన దసరా అయినాక ఏమయిందో నీకు తెలుసు కదా. గూళ్ళు గోతాల్లో నింపుకొని వానలో శిడ్లఘట్ట మార్కెట్టుకు బయలుదేరితే వంక మధ్యలో జీపు కూలబడె. గోతాలు తలమీద మోసుకొని ఇంటికి తెచ్చుకుంటిమి. వంక దిగి, దారి తెరుచుకునేతలికి వారం పట్టె. పట్టుగూడు అంతసేపు ఆగుతాదా? లోపల పురుగు రెక్కలొచ్చి, గూటికి తూటు పెట్టుకొని బయటికొస్తాది. తూటు పడిన గూటినుంచి దారం రాదు. నా కష్టమంతా నా కళ్ళ ముందరే గది నిండా ఎగిరింది.

ఈ నెలాఖరుకు చాకీ పురుగులు, పసివి, తెస్తాండాను. సెప్టెంబరు ఇరవైకంతా గూళ్ళు చేతికొస్తాయి. ఈ పంట కూడా పోతే మల్బరీ తోట పీకేసి లేఔటోళ్ళకు ఇచ్చేస్తానంటాండాడు మీ అన్న. సురేశ్ అనే ఆయన బెంగళూరునుంచి తెల్లకారులో వచ్చి తోటంతా టేపు పట్టి కొలిచిపోయినాడు. మీ అన్న వేరుసెనగ వేస్తానంటే గొడవపడి నేను నాటిన తోట అది. నాకని ఉండేది అదొక్కటే.

వానొస్తే ఆటోలు వంక దాటవు. ట్రాక్టరు కుదుపుకు గూళ్ళు నలిగిపోతాయి. కాబట్టి ముందు చక్రాలు లాగాల. అంతే. ఇంకే సింగారమూ వద్దని అన్నయ్యకు చెప్పు.

ఆయనకు గ్రీజు వదిలే సబ్బు, నీకు మా పెరటి అల్లం పంపిస్తాండాను.

మీ వదిన
పుష్పావతి

20 ఆగస్టు, బుధవారం
మహదేవపుర

ఈరోజు పనులు: అల్లం పచ్చడి అయింది. వినాయక చవితికి ఇల్లు దులపడం అయింది. జీపు సీటుకు గుడ్డ కుట్టడం అయింది. సబ్బు ఎక్కడుందో వెతకడం అయింది, దానితో ఆయన స్టీరింగు కడుగుతున్నారు.

వదినా,

సింగారం వద్దని నువ్వు రాసేలోపే సింగారం అయిపోయింది. ముందు చక్రాలు ఎంతకూ లాగకపోయేసరికి, "బండి ఎత్తుగా ఉంటే అసలు ఇరుక్కోదు కదా" అని ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. కమాన్ కట్టలు, అదే చక్రాలమీది స్ప్రింగు పట్టీలు, మార్చి బండిని పైకి లేపారు. ఏనుగు పాదాలంత టైర్లు తెచ్చారు. పైన వరసగా లైట్లు. హారను కొడితే మా వీధి కుక్కలు లేచి నిలబడి మర్యాద చేస్తున్నాయి.

మొన్న ఎక్కబోతే కుచ్చెళ్ళు ఒకవైపు, నేనొకవైపు. చివరికి వంటింటి పీట వేసుకుని ఎక్కాను. "పీట బండిలోనే ఉంచుదాం" అన్నారు. నేను ఎక్కాక కింద ఉన్న పీటను లోపలికి ఎవరందిస్తారని అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు.

సీటు గుడ్డ కోసం నగర్తపేట వెళ్ళాం, జీపులోనే. ఆ ఇరుకు సందుల్లో ఇంత ఎత్తున కూర్చుని పోతుంటే మేడమీది వాళ్ళు మొహాలు కడుక్కోవడం కూడా కనబడింది. తిరిగొచ్చాక పక్కింటి సమీనా పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, ప్లీజ్, ఒక్కసారి స్టీరింగ్ దగ్గర కూర్చోండి" అని తన నల్ల కళ్ళద్దాలు నాకు పెట్టి ఫోటో తీసింది. బండి కదలలేదు గానీ, అక్కడ కూర్చుంటే ఎంత బాగుందో వదినా. ఇది ఎవరికీ చెప్పకు.

అసలు సంగతి మాత్రం అక్కడే ఉంది. పక్క సైటులో ఇసుక కుప్ప మీదికి ఎక్కించి చూశారు. వెనక చక్రాలు ఇసుకంతా చిమ్మాయి. ముందువి పెళ్ళికొచ్చిన మగపెళ్ళివారిలాగా చూస్తూ కూర్చున్నాయి. ఆయన మళ్ళీ పానాలు తీశారు. నీ తేదీ గోడమీద పెద్ద అక్షరాలతో రాశాను.

పీట మీదనుంచి,
వరూధిని

29 ఆగస్టు, శుక్రవారం
గుట్టకిందపల్లి

వరూధినికి,

మా ఊరి పునీత్, ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే పిల్లోడు, పండగకు వచ్చినాడు. "అక్కా, మీ జీపు యాడుందో చూడు" అని ఫోన్ చూపించినాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని నువ్వుండావు. "మా జీపు, మా రాణి" అని పైన అన్నయ్య రాసుండాడు. ఎంతకు కొన్నారని కింద ఎవురో అడిగితే నవ్వే బొమ్మ పెట్టినాడు. కొనలేదని చెప్పేదానికి ఆయనకు నోరు రాలేదేమో.

నేను గూళ్ళు మోసేదానికి జీపు అడిగితే మీరు నగర్తపేటలో షికార్లకు తయారుచేసుకున్నారు. గుడ్డలు కుట్టుకున్నారు, లైట్లు పెట్టుకున్నారు. పరాయోళ్ళ బండికి ఎవురైనా ఇంత చేస్తారా? కావాలంటే నేరుగా అడగండి. ఆడపడుచు లాంఛనం కింద రాసేసుకుంటాములే. మా నాయన పెళ్ళిలో బాకీ పడిండాడేమో, ఇప్పుడు తీరిపోతాది.

చాకీ మొన్ననే వచ్చింది. ఆకు కోయాల, పోతాండాను.

పుష్పావతి

2 సెప్టెంబరు, మంగళవారం
మహదేవపుర

ఈరోజు పనులు: అన్నీ అయ్యాయి.

పుష్పావతిగారికి,

మీ ఉత్తరం అందింది. ఆరోజు చారులో ఉప్పు వేయలేదు. అయినా ఆయన రెండుసార్లు పోయించుకున్నారు. అంటే నా మొహం చూశారన్నమాట.

మీ పెళ్ళిలో మీ నాన్నగారు ఆడపడుచు లాంఛనం పళ్ళెంలో పెట్టి తెస్తే వద్దని వెనక్కి పంపింది నేనే. మీరు చూసి ఉండరు. ఆ రోజుల్లో మీరు తలవంచుకుని కూర్చునేవారు.

పెద్ద టైర్లు, లైట్లు, హారను అన్నీ తీసేయమని ఆయనకు చెప్పాను. ఎత్తు కూడా దించుతారు. శుభ్రంగా కడిగి, ఎట్లా వచ్చిందో అట్లాగే పంపిస్తాం. ముందు చక్రాలు లాగవు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

మీరు నాకు ఒక మాట బాకీ. నేను అడగను.

వరూధిని

7 సెప్టెంబరు, ఆదివారం
గుట్టకిందపల్లి

వరూధినీ,

"గారు" అని రాసినావు. చదివి నాకు జ్వరం వచ్చినంత పనాయె. పురుగులకైతే నిజంగానే జ్వరం. నాలుగో జ్వరం. ఆకు ముట్టకుండా తలలెత్తి పడుకొని తోలు విడుస్తాండాయి. ఇది లేచినాయంటే వారం రోజులు వాన కురిసినట్టు చప్పుడు చేస్తా ఆకు తింటాయి, తర్వాత గూడే.

బయట నిజం వాన కూడా మొదలాయె. వంక పారతాంది. సురేశ్ మళ్ళీ వచ్చి కాగితాలిచ్చి పోయినాడు. మీ అన్న వాటిని దేవుని పటం వెనకాల పెట్టినాడు. దేవుడే సంతకం పెడతాడేమో చూడాల.

లాగని జీపు తెచ్చుకొని నేనేం చేసుకునేది? కోపం మీద పంపవద్దు. బాగయితేనే పంపు. బాకీ సంగతి మరిచిపోలేదు. నోరు రావడంలేదంతే.

నీ వదినగారు

12 సెప్టెంబరు, శుక్రవారం
మహదేవపుర

ఈరోజు పనులు: జీపు కడగడం అయింది. మిగతావేవీ కాలేదు. కాకపోయినా ఫరవాలేదు.

వదినా,

"గారు" తీసేశాను. కూర్చుని చదువు.

ముందు చక్రాల నడిమధ్య రెండు గుండ్రటి మూతలున్నాయి కదా, వాటిమీద ప్రతి దసరాకూ నువ్వు పసుపు పూసి నామం దిద్దుతావు. మా ఆయన ఇన్ని నెలల్లో వాటి జోలికి పోలేదు. "పుష్పావతి పూజచేసిన చోటు, తుడవకూడదు" అంటూ వచ్చారు. పెట్టెను రెండుసార్లు విప్పిన మనిషి బొట్టు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డారు. నాకేమో నీ మీద కోపం. ఆ కోపంతోనే చింతపండు పెట్టి తోమాను.

పసుపు పెచ్చులుగా ఊడింది. కింద ఒక బాణం గుర్తు. దానికి ఒకపక్క "లాక్", పైన "ఫ్రీ" అని అక్షరాలు. ఆ మూత ఉత్త మూత కాదు, చేత్తో తిప్పేది. బాణం లాక్ మీద ఉంటేనే ముందు చక్రాలు ఇరుసును పట్టుకుంటాయి. ఫ్రీ మీద ఉంటే లోపల కడ్డీ ఎంత లాగినా వాటికి కబురందదు. రెండు బాణాలూ ఫ్రీ మీద ఉన్నాయి.

ఆయన వంగి రెండూ చూశారు. తర్వాత "కాఫీ ఇస్తావా?" అన్నారు. కాఫీ తాగి రెండూ లాక్‌కు తిప్పి, పక్క సైటులో పునాది తవ్విన గుంటలోకి, మోకాళ్ళ లోతు బురదలోకి జీపు దించారు. ముందు చక్రాలు బురదను కరుచుకుని పైకెక్కాయి. సమీనా గోడమీదనుంచి చప్పట్లు కొట్టింది. ఆయన తల తిప్పుకున్నారు.

ఇప్పుడొక ప్రశ్న. మా అన్న కొన్ననాటినుంచి బాణాలు లాక్ మీదే ఉండి ఉండాలి. లేకపోతే అన్నేళ్ళు వంకెట్లా దాటాడు? మరి తిప్పిందెవరు? రెండూ తిన్నగా, నిలువునా, ముగ్గు గీసినంత శుభ్రంగా ఉన్నాయి. మా అన్న తన చెప్పులు కూడా అంత తిన్నగా విడవడు. ఆలోచించు వదినా.

పదిహేడున ఆయన జీపుతో బయలుదేరుతున్నారు. మా అమ్మాయి శ్రీజకు పరీక్షలు, నేను రాలేను. రోడ్డుమీద ఫ్రీలో నడపాలి, వంక రాకముందే దిగి రెండూ లాక్‌కు తిప్పాలి. చీటీ రాసి స్టీరింగుకు అంటించాను. ఆయన చదవరు. నువ్వు చదువు. మా అన్నకు మాత్రం బాణం సంగతి చెప్పకూడదట. "గేరు సర్దాను" అని చెప్పుకుంటారట. పాపం, చెప్పుకోనీ.

చింతపండు చేతులతో,
వరూధిని

22 సెప్టెంబరు, సోమవారం
గుట్టకిందపల్లి

వరూధినీ,

నేనే.

పోయిన ఆయుధపూజకు కొబ్బరిపీచుతో మెరిసేటట్టు తోమినాను. ఆ గీత వంకరగా కనిపించె. దేవుని పటం వంకరగా ఉంటే చూస్తా ఊరుకుంటామా? బిగుసుకొనుంటే గుడ్డచుట్టి తిప్పి తిన్నగా నిలబెట్టి, దాని మీదనే నామం దిద్దినాను. రెండు పక్కలా సమానంగా. చూసి మురిసిపోయినాను కూడా. నా పంటను నా శుభ్రమే ముంచింది. ఎగతాళి చేసుకో, ఒక ఏడాదికి సరిపడా ఉండాది.

ఇంక వంక సంగతి. "సులువుగా దాటించాను" అని అన్నయ్య చెప్పుంటాడు. జరిగింది నేను చెప్తాను.

శనివారం పొద్దున గోతాలు ఎక్కించినాము. ఎవురు తోలాలని ఇద్దరికీ గలాట. అన్నయ్య గెలిచినాడు. మీ అన్న పక్కన, నేను వెనక గోతాల మధ్యలో. నువ్వంటించిన చీటీ మీద అన్నయ్య చెయ్యి పెట్టుకొనుండాడు. గేరు ఎట్లా సర్దినాడో మీ అన్నకు చెప్పుకుంటా చెప్పుకుంటా, గోతాల మధ్యనుంచి నేను "ఆపన్నయ్యా" అని అరిచేది వినకుండా నేరుగా వంకలోకి దింపె. మధ్యలోకి పోయినాక వెనక చక్రాలు తిరిగిన చోటనే తిరగబట్టె. బండి కుంగబట్టె.

"గేరు సర్దినానంటివే బావా?"

"సర్దినానప్పా!"

"కడ్డీ లాగు!"

"లాగే ఉన్నాను!"

నీళ్ళు చూస్తే పోయినేడు గదినిండా ఎగిరిన రెక్కలే కనబడె నాకు. ఇంక కూర్చోలేకపోయినాను. చీర ఎగ్గట్టి దిగినాను. మోకాళ్ళ దాకా నీళ్ళు. "యాడికే, కొట్టుకపోతావు!" అని మీ అన్న. బోనెట్టు పట్టుకొని ముందుకు పోయి, నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమి, ఎడమ పక్క బాణాన్ని తిప్పినాను. కుడి పక్కది కదల్లేదు. పైనుంచి ఒకరు "పైకి రా" అని, ఒకరు "కిందికి తిప్పు" అని అరస్తాండారు గానీ దిగాలని ఒక్కరికీ తోచలేదు. కొంగు చుట్టి, పళ్ళు బిగించి తిప్పినాను. తిరిగె.

"ఇప్పుడు పోనీ అన్నయ్యా" అన్నాను. పోనిచ్చినాడు. జీపు బుస్సుమని లేచి ఒడ్డెక్కె. నన్ను వంకలోనే వదిలేసి! అవతల ఆపి వెనక్కి తిరిగి చూసినాక నేను జ్ఞాపకమొచ్చినా ఇద్దరికీ.

"ఏం చేసినావే నువ్వు?" అని మీ అన్న అడిగినాడు. బొట్టు సర్దినాను అన్నాను. అన్నయ్యకు దగ్గొచ్చింది.

మార్కెట్టులో గూళ్ళు అందరూ చేతిలో పట్టి పట్టి చూసినారు. మంచి ధర పలికింది. ఇంటికొచ్చి మీ అన్న దేవుని పటం వెనకనుంచి సురేశ్ కాగితాలు తీసి, పురుగుల తట్టల కింద పరిచినాడు. తోట ఉంటాది వరూధినీ.

ఇంక నీకు నేను బాకీ ఉండే మాట. మా పుట్టింటోళ్ళకు అన్న మాట వెనక్కి తీసుకునేది చేతకాదు. అందుకని నిజం చేస్తాండాను. పంటకూ పంటకూ మధ్య జీపు ఇక్కడ ఊరికే పడుంటాది. ఆ రోజులంతా అది నీది. అన్నయ్యది కాదు, నీది. నువ్వే తోలాల. మీ అన్నను ఒప్పించినాను, దసరా అయినాక ఆయనే తెచ్చి ఇస్తాడు. పునీత్ ఫోన్‌లో ఆ ఫోటో మళ్ళీ చూసినాను. మొదటిసారి కళ్ళద్దాలు చూసి బేజారయింది. ఈసారి నీ నవ్వు చూసినాను. పెళ్ళయి వచ్చినప్పటినుంచి చూస్తాండాను, నువ్వట్లా నవ్వింది నాకు తెలీదు.

తడిసిన చీర ఇంకా ఆరలేదు.
నీ వదిన

8 అక్టోబరు, బుధవారం
మహదేవపుర

ఈరోజు పనులు: జీపు మొదటి గేరులో నడపడం అయింది. రెండో గేరు పడింది, ఎట్లా పడిందో తెలియదు. వంట ఆయన చేశారు. తిన్నాం.

వదినా,

"వంక దగ్గర పుష్పావతి కొంచెం సాయం చేసింది" అని ఈయన నాతో అన్నారు. నీ ఉత్తరం చదివాక ఆ "కొంచెం" గుర్తొచ్చినప్పుడల్లా నవ్వు. మా అన్న తాళం నా చేతికిస్తూ, "జాగ్రత్తమ్మా, బావ గేరు కొత్తగా సర్దినాడు" అన్నాడు. నాకు తెలిసినంతవరకు ఈ రహస్యం మా అన్నకు తప్ప మన బంధువులందరికీ తెలుసు.

మొన్న ఎల్లెల్లార్ తీసుకున్నాను. ఖాళీ సైట్ల మధ్య సాయంత్రాలు తోలుతున్నాను. పక్క సీట్లో ఆయన తన వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నారు. నిన్న ఒక మలుపులో "బాగా తిప్పావు" అని, వెంటనే ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశారు. కళ్ళద్దాలు నేనే కొనుక్కున్నాను. సమీనావి ఎన్నాళ్ళు అడుగుతాను?

లాంఛనం ఒకసారి పళ్ళెంలో వస్తే వెనక్కి పంపాను. ఈసారి పంపను. నీ తర్వాతి చాకీ ఎప్పుడొస్తుందో చెప్పు. లైసెన్సు చేతికొచ్చి ఉంటే గూళ్ళ రోజుకు జీపు నేనే తోలుకుని వస్తాను. వంక ముందే ఆపి, దిగి, రెండు బాణాలూ నేనే తిప్పుతాను. నువ్వు గోతాల మధ్య కాదు, ముందు సీట్లో నా పక్కన కూర్చో. మగవాళ్ళిద్దరూ వెనక.

పుష్పావతి వదిన నాకు బాకీ ఉన్న మాట ఒకటి. జీపుతో సహా ముట్టింది. చెల్లు.

వరూధిని